రాగ్లాన్ స్వెట్టర్ ఛాతీ 4 అంగుళాలు ఎక్కువ వచ్చింది, మెడ మాత్రం తలకి పట్టట్లేదు. ఎక్కడి దాకా విప్పాలి?

తెల్లదారం

రెండేళ్ల బాబుకి స్వెట్టర్. మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లే రాగ్లాన్ (మెడ నుంచి చంక దాకా ఏటవాలు గీతల వెంట కుట్లు పెంచేది), ముందు బొత్తాలు లేవు, మొత్తం రౌండుగానే. దారం 8 ప్లై కాటన్, 50 గ్రాముల ఉండలు 5 ఉన్నాయి, ఒక్కోటి 105 మీటర్లు. ప్యాటర్న్‌లో గేజ్ (ఎంత కొలతకి ఎన్ని కుట్లు పడాలనే లెక్క) 4 అంగుళాలకి 22 కుట్లు, 28 వరుసలు అని ఉంది. 8 నంబర్ స్టీల్ సూదుల మీద 24 కుట్లతో చిన్న శాంపిల్ అల్లి కొలిస్తే సరిగ్గా 22 వచ్చింది. అసలు స్వెట్టర్ 8 నంబర్ సర్క్యులర్ (రెండు మొనల మధ్య కేబుల్ ఉండే సూది) మీద అల్లుతున్నాను.

మెడకి 72 కుట్లు ఎక్కించాను: ముందు 26, వెనక 26, చేతులకి 10, 10. రెండు రౌండ్లకి ఒకసారి చొప్పున 17 సార్లు 8 కుట్లు పెంచితే 208 అయ్యాయి. చేతుల కుట్లు వేరే దారం మీదకి తీసి, ఒక్కో చంక కింద 6 కొత్త కుట్లు వేసి, బాడీకి 132 కుట్లతో 3 అంగుళాలు కిందికి వచ్చాను. ఒకటిన్నర ఉండ అయిపోయింది.

ఇబ్బందులు మూడు.

1. ఛాతీ చుట్టుకొలత 24 అంగుళాలు రావాలి. టేపు పెడితే 28కి కొంచెం తక్కువ.
2. మెడ 15 అంగుళాలు వచ్చింది, అయినా బాబు తల దూరట్లేదు. తల చుట్టుకొలత 48 సెంటీమీటర్లు. రిబ్ (అంచు దగ్గర సాగే చారల పట్టీ) సాగుతోంది కానీ మొదటి అంచు తీగలా బిగుసుకుని ఆగిపోతోంది.
3. రెండో ఉండ మొదలైన చోట ఛాతీకి అడ్డంగా గీత కనిపిస్తోంది. లేబుల్ చూస్తే ఈ ఉండ లాట్ నంబర్ (రంగు వేసిన విడత) వేరు, మిగతా నాలుగూ ఒకటే.

చంక దాకా విప్పితే సరిపోతుందా, మొత్తం విప్పాలా? విప్పకుండా కాపాడే దారి ఉంటే ముందు అదే చెప్పండి.

---

గోదారి_అల్లిక

యోక్ (మెడ నుంచి చంక దాకా ఉన్న భాగం) బాగా కుదిరినట్టే ఉంది కాబట్టి చంక దాకా మాత్రం విప్పండి. ఊరికే లాగేస్తే ఎక్కడ ఆపాలో తెలియదు. ముందు చంక కుట్లు వేసిన రౌండులో ప్రతి కుట్టు కుడి కాలు కిందుగా ఒక సన్నటి సూది, 2.5 ఎంఎందైనా చాలు, ఎక్కించుకుంటూ వెళ్ళండి. లెక్క 132 రావాలి. ఒకటి తగ్గినా పక్క వరుసలోకి జారారన్నమాట, అప్పుడు మళ్ళీ చూసుకోవాలి. తర్వాత దారం లాగితే అల్లిక ఆ సూది దగ్గర దానంతటదే ఆగుతుంది. అక్కడి నుంచి ఒక సైజు చిన్న సూదితో బాడీ అల్లండి.

నరసాపురం లేసు అల్లేవాళ్ళకి ఈ భయం ఉండదు. క్రోషేలో ఎప్పుడైనా కొక్కెం మీద ఉండేది ఒక్క కుట్టే, ఎక్కడికి విప్పినా ఆ ఒక్కటి పట్టుకుంటే చాలు. నిటింగ్‌లో రౌండు మొత్తం తెరిచిన కుట్లే, ఒకటి జారితే కింద దాకా నిచ్చెనలా విడిపోతుంది. అందుకే సూది ఎక్కించాకే దారం లాగాలి.

---

పన్నెండో_నంబర్

విప్పే ముందు ఒక్క పని చేయండి. ఆ రెండు సూదుల మందం ఎంఎంలో కొలవండి. 22 రావాల్సిన చోట 19 వచ్చిందంటే అది చెయ్యి వదులైనందువల్ల వచ్చే తేడా కాదు, సూదే వేరని నా అనుమానం. మీ లెక్క నుంచే తీశాను: 132 కుట్లు 27.8 అంగుళాలు పట్టాయంటే అంగుళానికి 4.75, అంటే 4 అంగుళాలకి 19.

మన దగ్గర సూదులకి రెండు నంబర్ల పద్ధతులు కలిసిపోయి ఉన్నాయి. బజారులో స్టీల్, అల్యూమినియం సూదుల మీద ఉండేది ఎక్కువగా పాత బ్రిటిష్ నంబరు. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 12 అంటే 2.75 ఎంఎం, 11 అంటే 3, 10 అంటే 3.25, 9 అంటే 3.75, 8 అంటే 4, 6 అంటే 5. ఆన్‌లైన్‌లో వచ్చే సర్క్యులర్ల మీద చాలాసార్లు అమెరికా నంబరు ఉంటుంది. అది తిరగేసి నడుస్తుంది: 3 అంటే 3.25, 6 అంటే 4, 8 అంటే 5, 10 అంటే 6. రెండింట్లోనూ ఒకేలా ఉండేది 7 ఒక్కటే, అది 4.5 ఎంఎం. మీ స్టీల్ 8, సర్క్యులర్ 8 మధ్య ఒక ఎంఎం తేడా ఉండొచ్చు.

రంధ్రాల గేజ్ కార్డు ఉంటే సూదిని అందులో పెట్టి చూడండి. మొన కాదు, మొన దాటాక వచ్చే నున్నటి కాడ ఏ రంధ్రంలో సరిగ్గా ఇముడుతుందో అదే సైజు. కార్డు లేకపోతే వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి, ఏ మెకానిక్ షాపులోనైనా దొరుకుతుంది. మాటల్లోనూ సూదిని నంబరుతో చెప్పకండి, ఎంఎంతోనే చెప్పండి. ఈ అలవాటు లేకపోవడం వల్ల ఎంతమంది కష్టం విప్పుడు పాలవుతోందో చూస్తే నిజంగా బాధేస్తుంది.

---

తెల్లదారం

కాలిపర్ పెట్టి చూశానండీ. స్టీల్ సూది 4 ఎంఎం, సర్క్యులర్ 5 ఎంఎం. మీరన్నదే నిజం.

---

తిరగకుట్టు

అయితే చంక దాకా విప్పితే లాభం లేదు. గోదారి_అల్లిక గారు చెప్పిన పద్ధతి మంచిదే, తప్పు బాడీలో మాత్రమే ఉంటే అదే చేయాలి. ఇక్కడ యోక్ కూడా 5 ఎంఎం మీదే అల్లారు. బాడీని 4 ఎంఎంకి మారిస్తే చంక దగ్గర అల్లిక ఒక్కసారిగా ముడుచుకుని, భుజాల మీద గంపలా ఉబ్బుతుంది. యోక్ లోతు కూడా పెరిగి ఉంటుంది: 34 రౌండ్లు 28 వరుసల గేజ్‌లో 4.9 అంగుళాలు, మీ అల్లిక 25 వరుసల దగ్గర ఉంటే 5.4. రెండేళ్ల పిల్లాడికి ఆ అర అంగుళం చంక కిందికి జారి, చెయ్యి ఎత్తినప్పుడల్లా స్వెట్టర్ మొత్తం పైకి లేస్తుంది.

కాపాడే దారి అడిగారు కాబట్టి అదీ చెబుతాను. మామూలుగా పిల్లల ఛాతీ రెండేళ్లకి 21 అంగుళాలు, నాలుగేళ్లకి 23, ఆరేళ్లకి 25. మీ 27.8 అంగుళాల స్వెట్టర్ ఆరేళ్ల పిల్లాడికి వదులు కలుపుకుని సరిపోతుంది. ఆరేళ్లవాడు ఎవరైనా ఉంటే పొడవు పెంచి అతనికి ఇవ్వొచ్చు. కానీ నేనైతే ఇవ్వను. ఈ మందం కాటన్‌కి 5 ఎంఎం సూది ఎక్కువ. కుట్ల మధ్య వెలుతురు కనిపిస్తుంది, వేలు పెడితే దూరుతుంది. కాటన్‌కి ఊలులా తిరిగి ముడుచుకునే గుణం లేదు, బరువు కూడా ఎక్కువ. వదులు అల్లిక నాలుగు ఉతుకులకి మోకాళ్ల దాకా సాగుతుంది.

అయింది ఒకటిన్నర ఉండే. ఇప్పుడు విప్పితే పోయేది మీ సమయం ఒక్కటే, దారం ఎక్కడికీ పోదు. మొత్తం విప్పండి.

విప్పిన దారాన్ని వెంటనే అల్లకండి. కుర్చీ వీపు చుట్టూ చిలపలా చుట్టి, నాలుగు చోట్ల వేరే రంగు దారంతో వదులుగా ముడి వేయండి. బిగించి కడితే నీళ్లు లోపలికి వెళ్లవు, ఆ చోట్ల వంకర అలాగే ఉండిపోతుంది. గోరువెచ్చటి నీళ్లలో ఇరవై నిమిషాలు నాననిచ్చి, తువ్వాల్లో ఒత్తి, నీడలో వేలాడదీయండి. కింద బరువు కట్టొద్దు, దారం సాగిపోయి మళ్ళీ ఉతికినప్పుడు ముడుచుకుంటుంది. వంకర దారంతోనే అల్లితే కుట్లు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది వస్తాయి, గేజ్ కొలత కూడా అబద్ధం చెబుతుంది.

ఇక శాంపిల్. 24 కుట్ల ముక్క చాలదు. అంచు కుట్లు వంగిపోతాయి, వాటిని కలిపి కొలిస్తే లెక్క తప్పుతుంది. పైగా మీరు ముక్కని అటూ ఇటూ తిప్పి, ఒక వరుస నిట్ (సూటి కుట్టు), ఒక వరుస పర్ల్ (తిరగ కుట్టు) అల్లారు. స్వెట్టర్‌లో రిబ్‌లు తప్ప ఎక్కడా పర్ల్ రాదు, అన్నీ నిట్ రౌండ్లే. చాలామందికి పర్ల్ కొంచెం వదులుగా పడుతుంది, కాబట్టి రెండు అల్లికల గేజ్ ఒకటి కాదు. ఈసారి ఇలా చేయండి: 4 ఎంఎం సర్క్యులర్ మీద 36 కుట్లు వేసి ఒక వరుస నిట్ అల్లండి. ముక్కని తిప్పకుండా కేబుల్ మీద కుట్లని మళ్ళీ కుడి మొన దగ్గరికి జరపండి. దారాన్ని ముక్క వెనకగా పొడుగ్గా, వదులుగా తెచ్చి మళ్ళీ నిట్ అల్లండి. వెనక దారాలు నిచ్చెనలా వేలాడతాయి, పర్వాలేదు, అవి బిగిస్తేనే ముక్క ముడుచుకుంటుంది. 6 అంగుళాల పొడవు వచ్చాక ఉతికి, ఆరబెట్టి, మధ్యలో 4 అంగుళాలు మాత్రం కొలవండి. కాటన్ కాబట్టి ఇంకొకటి: ఆరాక పై అంచుని తీగకి క్లిప్పులతో పట్టి, కింది అంచుకి నాలుగైదు బట్టల క్లిప్పులు తగిలించి ఒక రాత్రి వదిలేయండి. ఒంటి మీద స్వెట్టర్ దాని బరువుకి ఎంత సాగుతుందో అప్పుడు తెలుస్తుంది.

---

ముడి_వెయ్యను

మెడ సంగతి ఎవరూ చెప్పలేదు. దాన్ని సరిచేయకుండా 4 ఎంఎంతో మళ్ళీ మొదలుపెడితే ఇంతకంటే బిగుతుగా వస్తుంది. 5 ఎంఎం మీద 15 అంగుళాలు ఉన్న మెడ 4 ఎంఎం మీద 13 అవుతుంది. తల 48 సెంటీమీటర్లు అంటే 19 అంగుళాలు. మెడ 13 నుంచి 19 దాకా సాగాలి. రెండు నిట్, రెండు పర్ల్ రిబ్ అంత సాగుతుంది. సాగనిది మీరు కుట్లు ఎక్కించిన మొదటి అంచు.

లాంగ్ టెయిల్ పద్ధతిలో ఎక్కించి ఉంటారు. అందులో రెండు దారాలు ఉంటాయి: సూది మీద కుట్లయ్యేది ఒకటి, బొటనవేలి మీద నుంచి వచ్చి అంచుగా మారేది ఒకటి. అంచు ఎంత సాగుతుందనేది ఆ రెండో దారం పొడవుని బట్టి ఉంటుంది. చాలామంది పెద్ద సూది మీద ఎక్కిస్తే చాలంటారు. సూది పెద్దదైతే కుట్టు లూపు పొడవు అవుతుంది, అంచు దారం మాత్రం పెద్దగా పెరగదు. మీకు 5 ఎంఎం మీద కూడా బిగుసుకుపోవడమే దానికి రుజువు. చేయాల్సింది ఏంటంటే, ప్రతి కుట్టు ఎక్కించాక చూపుడు వేలి కొనని సూది మీద ఆ కుట్టు పక్కనే ఆనించి, వేలికి అవతల తర్వాతి కుట్టు బిగించండి. కుట్టుకీ కుట్టుకీ మధ్య 3, 4 మిల్లీమీటర్ల జాగా మిగలాలి. ఎక్కించిన వరుస సూది మీద పల్చగా, పళ్ళు ఊడిన దువ్వెనలా కనిపిస్తుంది. కంగారు పడకండి, మొదటి రిబ్ రౌండుకే సర్దుకుంటుంది.

జర్మన్ ట్విస్టెడ్ పద్ధతి వస్తే ఇంకా మంచిది, అందులో అంచు దారానికి అదనంగా ఒక మెలిక ఉంటుంది, సాగేటప్పుడు ఆ మెలిక విచ్చుకుంటుంది. తోక దారం మాత్రం ఎక్కువ పొడవు వదలండి, 72 కుట్లకి ఒకటిన్నర మీటరు పైనే.

రెండు రౌండ్లు రిబ్ అల్లగానే ఆగి, కుట్లన్నీ పొడుగు కేబుల్ మీదకి జరిపి, అంచుని టేపు పక్కన లాగి చూడండి. 20 అంగుళాల దాకా తేలిగ్గా వెళ్తేనే ముందుకెళ్లండి. అప్పుడు విప్పినా పోయేది రెండు రౌండ్లు.

రెండో ఉండ గీత గురించి. లాట్ వేరైతే రంగు తొట్టి వేరు, విడిగా చూస్తే తేడా తెలియదు, పక్కపక్కన పెడితే ఎప్పటికీ తెలుస్తూనే ఉంటుంది. ఉతికితే కలిసిపోతుందనుకోవద్దు, కలవదు. మీకు వేరే లాట్‌ది ఒక్క ఉండే కాబట్టి అదృష్టం. దాన్ని రిబ్‌లకి కేటాయించండి: మెడ, కింది అంచు, రెండు మణికట్లు. రిబ్‌లో నిట్, పర్ల్ ఎత్తుపల్లాల వల్ల నీడ పడి ఎలాగూ రంగు కొంచెం ముదురుగా కనిపిస్తుంది, తేడా కంటికి ఆనదు. స్వెట్టర్ మొత్తం కుట్లలో రిబ్‌లది ఏడో వంతు ఉంటుంది, సగం ఉండ చుట్టూ పడుతుంది. మిగతాదంతా ఆ నాలుగు ఉండలతో అయిపోతుంది.

ఉండ మార్చేటప్పుడు ముడి వేయకండి. ఊలైతే కొనలు తడిపి అరచేతుల్లో రుద్దితే అతుక్కుంటాయి, కాటన్ అతుక్కోదు. చంక గీత మీద పాత దారం వదిలి కొత్తది పట్టుకుని అల్లండి. రెండు కొనలూ 15 సెంటీమీటర్లు ఉంచి, చివర్లో మొద్దు సూదితో లోపలి వైపు ఒకటి ఎడమకి, ఒకటి కుడికి, పర్ల్ గుబ్బల వెంట 5, 6 సెంటీమీటర్లు కుట్టి, చివర ఒకసారి వెనక్కి తిప్పండి. కాటన్ నున్నగా ఉంటుంది, వెనక్కి తిప్పకపోతే ఉతికేకొద్దీ కొన బయటికి వస్తుంది.

---

తెల్లదారం

మొత్తం విప్పేశాను. చిలప కట్టి నానబెట్టి ఆరేశాక దారం కొత్తదానిలానే ఉంది. 4 ఎంఎం సర్క్యులర్ తెప్పించి, కొలిచి చూసుకునే శాంపిల్ అల్లాను. ఉతకక ముందు 22 కుట్లు, 30 వరుసలు. ఉతికి, క్లిప్పులు పెట్టి రాత్రంతా వేలాడదీశాక 21.5 కుట్లు, 28 వరుసలు.

మెడ 72 కుట్లు వేలు ఆనించి ఎక్కించాను. మూడు రౌండ్ల రిబ్ అయ్యాక 21 అంగుళాల దాకా సాగుతోంది. యోక్‌లో ఇప్పటికి 9 సార్లు పెంచడం అయింది. కుట్లు 21.5 అయినందుకు లెక్క మార్చాలా? పొడవు ఎక్కడ ఆపాలి?

---

తిరగకుట్టు

కుట్ల లెక్క అలాగే ఉంచండి. 132ని 5.375తో భాగిస్తే 24.5 అంగుళాలు. అనుకున్నదానికి అర అంగుళం ఎక్కువ, 21 అంగుళాల ఛాతీకి మూడున్నర వదులు, లోపల చొక్కా వేసినా బాగుంటుంది.

పొడవు మాత్రం టేపుతో కొలవకండి, రౌండ్లు లెక్కపెట్టండి. అల్లేటప్పుడు అంగుళానికి 7.5 వరుసలు, ఉతికాక 7. చంక నుంచి కింది అంచు దాకా 8 అంగుళాలు కావాలంటే 56 రౌండ్లు. సూది మీద ఉండగా అది ఏడున్నర అంగుళాలే కనిపిస్తుంది. అర అంగుళం తగ్గిందని కలిపి అల్లారంటే ఉతికాక కిందికి జారుతుంది. 56లో చివరి 10 రౌండ్లు రిబ్. 132 నాలుగుతో తెగుతుంది కాబట్టి రెండు నిట్, రెండు పర్ల్ ఇబ్బంది లేకుండా కుదురుతుంది.

చేతులకి: పక్కన పెట్టిన 44, చంక కింద 6, మొత్తం 50. చంక దగ్గర రెండు మూలల్లో రంధ్రం పడటం ఖాయం, ఎందుకంటే అక్కడ కొత్తగా వేసిన కుట్టుకీ ఆపి ఉంచిన కుట్టుకీ మధ్య ఒకే ఒక దారం సాగి ఉంటుంది. కాబట్టి 6 బదులు 8 ఎత్తుకోండి, అదనపు రెండూ ఆ మూలల్లోని సాగిన దారం నుంచి. ఎత్తేటప్పుడు దాన్ని మెలిపెట్టండి. తర్వాతి రౌండులో ఆ మెలిపెట్టిన కుట్టునీ పక్కదాన్నీ కలిపి ఒకటిగా అల్లితే మళ్ళీ 50 అవుతాయి, మూల మూసుకుంటుంది. ఇంకా చిన్న సందు మిగిలితే కొన దారంతో లోపలి నుంచి రెండు కుట్లు వేయండి.

6 రౌండ్లకి ఒకసారి, చంక గీతకి ఇటూ అటూ ఒక్కో కుట్టు చొప్పున 7 సార్లు తగ్గిస్తే 36. అక్కడికి 42 రౌండ్లు. ఇంకో 7 రౌండ్లు తగ్గించకుండా అల్లి, 10 రౌండ్ల రిబ్ వేస్తే చేయి మొత్తం ఎనిమిదిన్నర అంగుళాలకి వస్తుంది.

చేతి చుట్టుకొలత చిన్నది కాబట్టి 80 సెంటీమీటర్ల కేబుల్ మీద మ్యాజిక్ లూప్ (పొడుగు కేబుల్‌ని కుట్ల మధ్య నుంచి బయటికి లాగి చిన్న రౌండు అల్లే పద్ధతి) వాడండి, లేదా నాలుగు పొట్టి సూదులు. రెండింట్లోనూ ఒక సూది నుంచి ఇంకో సూదికి మారే చోట నిలువుగా వదులు గీత పడుతుంది. అందరూ మొదటి కుట్టు బిగిస్తారు, అది నిలవదు, సూది కదలగానే మళ్ళీ వదులవుతుంది. మొదటి కుట్టు మామూలుగా అల్లి, రెండో కుట్టు అల్లాక దారం లాగండి. మ్యాజిక్ లూప్ అయితే కేబుల్ బయటికి లాగే చోటుని ప్రతి రౌండుకి రెండు కుట్లు జరుపుతూ ఉంటే వదులు ఒకే గీతలో చేరదు. రౌండు మొదలు ఎక్కడో తప్పిపోకుండా మార్కర్ పెట్టుకోండి.

---

పన్నెండో_నంబర్

చేతులు మొదలుపెట్టాక 2 అంగుళాల దగ్గర ఆగి ఒకసారి గేజ్ చూసుకోండి. చిన్న రౌండులో చెయ్యి తెలియకుండానే బిగుసుకుంటుంది. 4 అంగుళాల ముక్క దొరకదు కాబట్టి 2 అంగుళాల వెడల్పులో కొలవండి, ఉతకని అల్లిక కాబట్టి 11 కుట్లు రావాలి. 12 వస్తే చేతులకి మాత్రం 4.5 ఎంఎం సూదికి మారండి. ఆ సూది కొనేటప్పుడు మీద 7 అని ఉంటే ఏ పద్ధతి నంబరో అడగక్కర్లేదు.